వాసవాంబ గుమ్మం ముందరి బావి

నగరపాలక సంస్థలో నేల, నీటి సంరక్షణ విభాగానికి స్రవంతి అధికారిగా వచ్చాక మొదలుపెట్టిన పెద్ద పని బావులది. పాతబస్తీలో మూతబడ్డ పాత బావులను వెతికించి, పూడిక తీయించి, వాననీళ్లు వాటిలోకి మళ్లించడం. హుస్సేనీ ఆలంలో ఒక గల్లీ చివర బండలు కప్పేసిన బావి ఉందని ఆమె కింద పనిచేసే ఇంజనీరు రామ్‌చందర్ కనిపెట్టాడు. గల్లీ వాలంతా అటే. వాన కురిస్తే నీళ్లు ఆ బండల దాకా వచ్చి, దిగే దారి లేక పక్కనున్న పల్లపు ఇళ్లలోకి పోయేవి. ఎండాకాలం వస్తే అదే గల్లీలో బోర్లు ఎండిపోయి, ట్యాంకరు కోసం బిందెలు బారులు తీరేవి.

ఆ వేసవిలో, పని మొదలుపెట్టాల్సిన రోజు కూలీలు వచ్చేసరికి ఒక ముసలావిడ బండల మీద కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. రామ్‌చందర్ ఎంత చెప్పినా లేవలేదు. అతను ఫోన్ చేస్తే స్రవంతి వచ్చింది.

ఆవిడ పేరు వాసవాంబ. బావిని ఆనుకుని ఉన్న ఇల్లు వాళ్లదే. ఆమె పెద్దకొడుకు విశ్వేశ్వర్ మిర్చి, పసుపు టోకు వ్యాపారం చేస్తాడు. అతను దుకాణం తాళాలు చేతిలో పట్టుకుని తల్లి పక్కన నిలబడి ఉన్నాడు.

"ఏమనుకోకుండ్రి మేడం. అమ్మ ఇనదు," అన్నాడు మెల్లగా. "మా తమ్ముడు గీ బావిలనే పోయిండు. మనీష్ అని, చిన్న పిలగాడు. తెగిన పతంగి పట్టబోయి పడ్డడు. గప్పుడే మా బాపు పైన బండలు ఏపిచ్చిండు."

స్రవంతి గుమ్మం మెట్టు మీద కూర్చుంది.

"అమ్మా, ఊరికే తెరిచిపెట్టం. పైన ఇనుప జాలి బిగిస్తం. ఎవ్వరూ పడరు."

"ఆ జాలి ఎన్నొద్దులుంటది బిడ్డా?" అంది వాసవాంబ. "మూల మీద మోరీకి ఏసిండ్రు గద జాలి. ఇప్పుడేడుంది? ఎవడో ఎత్కపోయి పాత సామాన్లోనికి అమ్ముకున్నడు. మొన్న అండ్ల ఎవలదో మేక పడ్డది. మీకు ఎరుక లేదా?"

స్రవంతికి ఎరుకే. ఊరంతా ఇనుప జాలీలు మాయమవుతున్నాయని వారం వారం ఆమెకే ఫిర్యాదులు వస్తాయి. కూలీలను పంపించేసింది.

తిరిగి వెళ్తూ కారులో, బావిని వదిలేసి గల్లీ మధ్యలో ఇంకుడు గుంత తవ్విద్దామంది.

"సరిపోదు మేడం. ఈ గల్లీకి వచ్చే నీళ్లకు గుంత ఏ మూలకు?" అన్నాడు రామ్‌చందర్.

"తెలుసు. ముందు అదే చేద్దాం."

గుంత తయారైంది. జూలైలో మొదటి పెద్దవాన పడ్డ మర్నాడు బేబీ అనే ఆమె స్రవంతి ఆఫీసుకు వచ్చింది. ఆ గల్లీలో అన్నిటికన్నా పల్లపు గదిలో అద్దెకుంటుంది. సర్కారు దవాఖానాలో ఊడ్చే పని. డ్యూటీ చీర మీదనే వచ్చింది.

"గుంత నిండి నీళ్లన్నీ మా ఇంట్లకే వచ్చినయ్ మేడం. బియ్యం తడిసినయ్, పరుపు తడిసింది. మా అత్తకు పక్షవాతం. మంచం దిగలేదు. నేనొక్కదాన్నే ఎత్తి బల్ల మీద పండవెట్టిన."

స్రవంతి ఏదో అనబోయింది. బేబీ ఆగలేదు.

"బావి తెరుస్తరన్నరు, తెరవలే. ఎందుకంటే వాసవమ్మ వద్దన్నదంట. ఆమె దుఃఖం నాకెరుకనే. ఎన్నడు ఆమెతోని లొల్లి పెట్టుకోలే. కానీ మీరు ఆమెతోనే మాట్లాడి పోయిండ్రు. నన్నెవ్వలడగలే."

"నిజమే," అంది స్రవంతి.

బేబీ గొడవకు సిద్ధపడి వచ్చింది. ఆ మాటతో గొడవ అక్కడే ఆగింది. డ్యూటీకి ఆలస్యమవుతుందని వెళ్లిపోయింది.

ఆ తర్వాత స్రవంతి, రామ్‌చందర్ కూర్చుని పాత నమూనా మార్చారు. పూడిక తీశాక బావి నోటికి జాలి బదులు కాంక్రీటు స్లాబు పోస్తారు. గుంతలో తేరిన నీళ్లు భూమి లోపలి పైపు గుండా బావిలోకి దిగుతాయి. గాలికి రెండు చిన్న రంధ్రాలు వదులుతారు.

"మళ్లీ పూడిక తీయాలంటే ప్రతిసారీ స్లాబు పగలగొట్టాలి మేడం."

"పగలగొడదాం."

పైఅధికారులకు ఇది నచ్చలేదు. చుట్టూ గోడ కట్టి, దీపాలు పెట్టి, వచ్చినవాళ్లకు చూపించే బావి కావాలని వాళ్ల కోరిక. ఈ గల్లీలో అది కుదరదని స్రవంతి చెప్పింది. బావుల పథకం ప్రారంభోత్సవం ఇంకోచోటికి మారింది.

వానలు వెనకబట్టాక ఆమె వాసవాంబ ఇంటికి వెళ్లింది.

"ఈసారి అడగడానికి రాలేదమ్మా. తెరుస్తున్నమని చెప్పడానికి వచ్చిన," అని, స్లాబు సంగతి వివరంగా చెప్పింది.

"బేబీ వాళ్ల అత్తను బల్ల మీద పండవెట్టిందంట గద," అంది వాసవాంబ. "మాకు చెప్పలే. చెప్తే మా ఇంట్లకు తెద్దుము." తర్వాత పిడికిలి బిగించి చూపించింది. "ఆ గాలి పొక్కలు దీనికన్న చిన్నగుండాలె."

"అట్లనే."

పూడిక తీస్తున్నన్నాళ్లూ ఆ ఇంటి తలుపు మూసే ఉంది. మట్టి, చెప్పులు, ప్లాస్టిక్ సంచులు, విరిగిన కుండలు లారీలకెత్తారు. అడుగున రాతి మీద ఊట కనిపించిన రోజు వాసవాంబ కోడలి చెయ్యి పట్టుకుని బయటికి వచ్చింది. కూలీలు తప్పుకున్నారు. ఆమె అంచున నిలబడి లోపలికి చూసింది.

"ఎంత లోతుంటది బిడ్డా?"

"మూడు నిలువులుంటదమ్మా," అంది స్రవంతి.

"గంతేనా?" అంది. "నేనింకా మస్తు లోతనుకున్న."

కోడలు లోపలికి తీసుకుపోయింది. స్రవంతి అక్కడే నిలబడిపోయింది. ఆ వారంలోనే స్లాబు పోశారు. రంధ్రాల్లో తన పిడికిలి పట్టదని చూసుకున్నాకే స్రవంతి వెళ్లింది.

మరుసటేడు జూలైలో ఒక రాత్రంతా వాన కురిసింది. తెల్లవారాక స్రవంతి బేబీకి ఫోన్ చేసింది.

"నీళ్లు వచ్చినయ్ మేడం," అంది బేబీ. "గడప దాటి జరంత వచ్చి, చాయ్ పెట్టుకునేసరికి గుంజుకపోయినయ్. గడప ఎత్తు చేపియ్యమని ఇంటి ఓనర్‌కు మీరొక మాట చెప్పుండ్రి. నేను చెప్తే ఇనడు."

"నంబరియ్యి," అంది స్రవంతి.