చాటింపు అన్సెల్మో

గవర్నరు గడ్డం గీయించుకుంటూ తీర్పు చదువుతుంటే, అన్సెల్మో గుమ్మం దగ్గర నిలబడి మాట వెంట మాట వల్లిస్తున్నాడు. అతనికి అక్షరం ముక్క రాదు. పంతొమ్మిదేళ్లుగా ఆ బంగారు గనుల పట్నంలో కొరడా దెబ్బలూ ఉరిశిక్షలూ ఇలాగే చెవిన పట్టి, వీధి మలుపుల్లో చాటుతున్నాడు. ముందరి పళ్లు రెండు ఊడిపోయాయి. మెడ చుట్టూ ఒకప్పటి సంకెల చేసిన నల్లటి కాయ. గొంతు మాత్రం కంచు.

గవర్నరు డోమ్ గాస్పార్ కవి. సముద్రం అవతల లిస్బన్‌లో అచ్చయిన ఆయన పుస్తకం నిండా గొర్రెలూ సెలయేళ్లూ. తీర్పులోనైనా లయ తప్పితే ఊరుకోడు.

"'రెండు వందల దెబ్బలు' దగ్గర ఆగరా. ఊపిరి పీల్చి, అప్పుడు పేరు చెప్పు."

ఆ పేరు క్విటేరియా. కర్రపెండలం రొట్టెలు అమ్ముకునే మనిషి. దొరగారి గొర్రెలు గడ్డి మాని మన బంగారం మేస్తున్నాయని ఊటబావి దగ్గర నాలుగు పాదాల పాట పాడిందట. కట్టిందెవరో చెప్పమని రెండు వేళ్లు విరిచినా నోరు విప్పలేదట.

ఆమె దగ్గర రొట్టె తింటూ, నవ్వించాలని ఆ పాట కట్టింది అన్సెల్మోయే.

అయినా నాలుగు వీధుల్లో చాటాడు. ఒక్క మాట తడబడలేదు. అందుకు తన మీద తనకే రోత పుట్టింది.

మధ్యాహ్నం కూడలిలో ఆమెను రాతి స్తంభానికి కట్టారు. దెబ్బలు లెక్క చెప్పడమూ చాటేవాడి పనే. తొమ్మిదో దెబ్బకు వీపు చిట్లింది. పద్నాలుగో దెబ్బ కొట్టి తలారి కొరడా దులిపితే, నెత్తురు చుక్క వచ్చి అన్సెల్మో పెదవి మీద పడింది. ఆమె తల తిప్పింది.

"లెక్క చెప్పన్నా. తొందరగా అయిపోనీ."

పదిహేను అతని నోట రాలేదు. "పాట నాది," అన్నాడు. తర్వాత గొంతెత్తి నాలుగు పాదాలూ పాడాడు. జనంలో ఎవరో కిసుక్కున నవ్వారు.

కూడలి ఎదుటి మేడ మీంచి చూస్తున్న గవర్నరు వేళ్లు ముడుస్తూ అక్షరాలు లెక్కపెట్టుకున్నాడు. ఎక్కడా లయ తప్పలేదు. ఆయన ముఖం కందిపోయింది.

"ఎవరు నేర్పార్రా నీకిది?"

"తమరే, దొరా. ఇన్నేళ్లూ తమరి నోటనేగా వింటున్నా."

ఆమెను విప్పమన్నాడు గవర్నరు. మిగిలినవి వీడికి, పైన ఇంకో మూడు వందలు. అన్సెల్మో తన నీలం చొక్కా విప్పి, మడిచి, మెట్టు మీద పెట్టి, స్తంభాన్ని తనే కావలించుకున్నాడు. అరవై దాకా తన దెబ్బలు తనే లెక్క చెప్పాడు. కూడలి చివరి దాకా వినిపించింది. ఆ తర్వాత చెప్పేవాడు లేడు. ఎక్కడ ఆపాలో తెలియక, తలారి చెయ్యి పడిపోయేదాకా కొడుతూనే ఉన్నాడు.

పొద్దు వాలకముందే శవాన్ని ఈడ్చుకుపోయారు. క్విటేరియా మెట్టు దాకా పాకి, చొక్కా వైపు చెయ్యి చాచి, నెత్తురు అంటుతుందని వెనక్కి తీసుకుంది. మడత నలగని ఆ నీలం చొక్కా, చేతులు రెండూ లోపలికి పెట్టుకుని, రాతి మీద అలాగే ఉంది.