అరవై మూడో ఇంటి బొట్టు

నేను ఒక దుప్పటిని. ఆసుపత్రి దుప్పటిని. తెల్లగా పుట్టాను. రెండు అంచుల్లోనూ నీలం చార, ఒక మూల నల్లసిరా ముద్ర. మగ్గం మీద నుంచి దిగిన రోజు నన్ను మడతపెట్టిన ముసలాయన, "ఏ కొత్త పెళ్ళివారి మంచం మీదికో ఇది" అని మురిసిపోయాడు. పెళ్ళివారి మంచం ఎక్కడిది! కాన్పుల గదిలో ఇనుప బల్ల దక్కింది నాకు.

అందుకే కాబోలు, మొదటి నుంచీ నాకు భయం ఎక్కువ. నా మీద పడుకున్న ప్రతి ఆడదీ నా అంచును గుప్పిట పట్టి పిండేది. ఆ గుప్పిళ్ళలోంచే ఆ భయం నాకు అంటుకుంది. బిడ్డ ఏడిచేదాకా ఒక భయం. ఏడిచాక, ఇంత గట్టిగా ఏడుస్తోందేమిటమ్మా అని ఇంకో భయం. ఏడుపు ఆగితే ఇక చెప్పక్కర్లేదు. తల్లీబిడ్డా ఇంటికి బయల్దేరాక, రేవులో నన్ను బండకేసి బాదుతున్నప్పుడు కూడా, వాళ్ళ ఆటో ఏ గోతిలో పడిందోనన్న దిగులే. నాకు చదువు అంతంత మాత్రం. తర్వాత రోజుల్లో నా మీద ఎవరో రాసిన నాలుగు అక్షరాలే నా చదువంతా.

ఒక కాన్పులో అంటిన మరక ఎంత ఉతికినా పోలేదు. అరచేతి వెడల్పున, ఒక పక్క ఎత్తుగా, ఇంకో పక్క జారినట్టు ఉండేది. మరక దుప్పటి బల్ల మీదికి పనికిరాదని బీరువా కింద కుక్కారు. అక్కడి నుంచి నన్ను లాగి బయటికి తెచ్చింది వరహాలమ్మ.

వరహాలమ్మ నీలంవలస ఉపకేంద్రంలో నర్సు. ఊరందరికీ సిస్టరమ్మ. ఆ ఏడు పట్నం నుంచి నర్సింగు చదివే ఆడపిల్లలు పదిమంది, వాళ్ళ మేడమూ వచ్చారు. ఊరికి ఏం జబ్బుందో, ఏం కావాలో తెలుసుకోవాలట. "మనిషికి జ్వరమొస్తే మణికట్టు పట్టుకుని చూస్తాం. ఊరి నాడి చూడాలంటే ఎక్కడ పట్టుకోవాలి? ఇల్లిల్లూ తిరగాలి" అంది మేడం. తిరిగినదంతా ఒక్కచోట కనిపించేలా ఊరి పటం వెయ్యమంది. కాగితం రెండు రోజుల్లోనే చిరిగింది. అప్పుడు వరహాలమ్మకు నేను గుర్తొచ్చాను.

అలా నేను ఊరినైపోయాను. నీలం సిరాతో నా మీద వీధులు గీశారు, బోరింగులు గీశారు, నూట పద్దెనిమిది ఇళ్ళు గీశారు. నా మరక దగ్గరికి వచ్చేసరికి ఒక పిల్ల గీత ఆపి, "మేడం, ఇది అచ్చు ఊరి పక్క కొండలాగే ఉంది" అంది. దానికి కొండ అని పేరు రాశారు. ఎవరి నెత్తురో, కొండైపోయింది.

జబ్బులకు గుర్తులు కావాలి కదా. వరహాలమ్మ సంతలో బొట్టుబిళ్ళల అట్టలు కొంది. ఎర్రబిళ్ళ అంటే ఆ ఇంట్లో గర్భిణి ఉన్నట్టు. నల్లబిళ్ళ అంటే రెండు వారాలు దాటిన దగ్గు. పచ్చబిళ్ళ అంటే అయిదేళ్ళలోపు బిడ్డ. నన్ను భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగేవారు. గడపలో అడగడం, రాసుకోవడం, నా మీద బొట్టు పెట్టడం.

మనుషులు భలేవాళ్ళు. జబ్బు ఉన్నవాడు లేదంటాడు, లేనివాడు ఉందంటాడు. ఎడతెరిపి లేకుండా దగ్గే అప్పారావు, "దగ్గేటి? పొద్దున్న సుట్ట కాల్చినాను, అంతే" అన్నాడు. ఒక్క బొట్టూ దక్కని ఎదురింటివాడేమో మూడు రోజులు వెంటపడ్డాడు: "అందరిళ్ళకీ బొట్లెట్టి మాకెట్టరేటి? రేపు గవర్నమెంటోళ్ళేదైనా ఇస్తే మాం పోగొట్టుకోవాలా?" సర్పంచి తన ఇల్లు డాబా అనీ, పెంకుటింటిలా గీశారనీ అలిగాడు. పాపం పిల్లలు దాని మీద ఇంకో అంతస్తు గీసి పుణ్యం కట్టుకున్నారు.

నవ్వొచ్చేదే. కానీ నాకు నవ్వు రాలేదు. బొట్లున్న ఇళ్ళు చూస్తే భయం, లేని ఇళ్ళు చూస్తే అంతకన్నా భయం.

అరవై మూడో ఇల్లు కొండ వైపు సందులో ఆఖరిది. పైడమ్మ ఇల్లు. మేము వెళ్ళేసరికి మిట్టమధ్యాహ్నమైంది. ఆ రోజుకు ఇంకా పద్నాలుగు ఇళ్ళున్నాయి. వరహాలమ్మ గడప దగ్గరే నిలబడి, అక్కలాంటి మనిషని 'అప్పా' అంటూ అడిగింది.

"పైడమ్మప్పా, మీ ఇంట్ల ఎంతమంది?"

"నానూ మా ఆయనేనమ్మా. ఇద్దరుం."

"మరెవులూ లేరు కదా?"

"ఇంకెవులుంటారు? ఉన్న ఒక్క పిల్లనీ అత్తోరింటికి అంపీసినాం కదా."

రాసుకున్నారు. ఇద్దరు. బొట్టు లేదు.

నేను వరహాలమ్మ భుజం మీది నుంచి చూస్తున్నాను. అరుగు మీద బోర్లించిన కంచాలు మూడు. ద్వారబంధానికి తగిలించిన అద్దం అంచున ఎర్రబొట్లు వరసగా అంటించి ఉన్నాయి. పైడమ్మ నుదుట కుంకుమే తప్ప బిళ్ళ లేదు. తలుపు వెనక ఎవరో బరువుగా ఊపిరి తీస్తున్నారు. రెండు ప్రాణాల ఊపిరి ఎలా ఉంటుందో నాకు చెప్పాలా? కాన్పుల బల్ల మీద ఎన్నిసార్లు విన్నానో! 'లోపల పిల్ల ఉంది, ఒక్కసారి తలుపు తియ్యండమ్మా' అని అరవాలనిపించింది. దుప్పటికి నోరెక్కడిది? మడత జారి కింద పడ్డాను. అంతే చెయ్యగలిగాను. వరహాలమ్మ నన్ను దులిపి మళ్ళీ భుజాన వేసుకుని పక్కవీధికి నడిచింది.

లోపలున్నది తవిటమ్మ అని తర్వాత తెలిసింది. పైడమ్మ కూతురు. తొలిచూలు. ఏడో నెల వెళ్ళాక పుట్టింటికి తెచ్చుకున్నారు. అత్తవారి ఊరి రిజిస్టరులో పేరుంది. అక్కడి నర్సు 'పుట్టింటికి వెళ్ళింది' అని రాసి గీత కొట్టేసింది. ఇక్కడ పుట్టింట్లో ఆమె చుట్టపుచూపుగా వచ్చిన పిల్ల. పెళ్ళయిన ఆడపిల్లను ఏ తల్లయినా తన ఇంటి లెక్కలో చెబుతుందా? వరహాలమ్మ తల్లిని అడిగినా అదే జవాబు వచ్చేది. అటు కొట్టేశారు, ఇటు రాయలేదు.

పైడమ్మ నోరు నొక్కింది ఆచారం ఒక్కటే కాదు. అంతకు ముందు ముగ్గురు బిడ్డలు పుట్టీ పుట్టగానే పోయారామెకు. నాలుగో బిడ్డను చేటలో పడుకోబెట్టి, పొరుగామెకు చేటెడు తవుడుకు అమ్మి, మళ్ళీ కొనుక్కుంది. ఇది తవుడుపాటి బిడ్డ, విలువ లేనిది అనుకుని మృత్యువు చూపు తిప్పుకుంటుందని. అందుకే తవిటమ్మ అని పేరు. అలా దాచుకున్న పిల్ల కడుపుతో ఉంటే, పదిమంది ముందు నిలబెట్టి లెక్క రాయిస్తుందా? లెక్కపెడితే దిష్టి. తెల్లదుప్పటి మీద ఎర్రబొట్టంటే మరీ అపశకునం.

ఆమెను తప్పుపట్టలేను. నాదీ అదే పుట్టుక, భయపు పుట్టుక. తవిటమ్మ పాదాలకు నీరు దిగితే పైడమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. మొహం ఉబ్బితే తాయెత్తు కట్టింది. తల పగిలిపోతోందమ్మా, కళ్ళ ముందు మెరుపులొస్తున్నాయమ్మా అంటే అమ్మవారికి కోడిని మొక్కింది. తన భయమంతా దేవతలందరికీ చెప్పుకుంది. నాలుగు సందుల అవతల, రక్తపోటు చూసే మిషను పక్కన పెట్టుకుని కూర్చున్న వరహాలమ్మకు మాత్రం చెప్పలేదు.

పట్నం పిల్లలు వెళ్ళిపోయారు. నన్ను ఉపకేంద్రం గోడకు తాడు కట్టి వేలాడదీశారు. పెద్దాఫీసరు వచ్చి చూసి, "పటం బాగుంది, పూర్తిగా ఉంది" అన్నాడు. ఆ మాటకు నా పోగులన్నీ వణికాయి. రోజూ అరవై మూడో ఇంటి చోటు ఖాళీగా గుచ్చుకునేది.

టీకాల రోజు. పొద్దున్న పది గంటలు. వరండా నిండా చంటిబిడ్డలు. పైడమ్మ జుట్టు విరబోసుకుని, చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చింది.

"సిస్టరమ్మా! మా పిల్ల కొట్టేసుకుంటన్నాదమ్మా! కళ్ళు పైకెట్టేసినాది!"

"ఏ పిల్ల? మీ ఇంట్ల పిల్లేటి, అప్పా?"

అడుగుతూనే వరహాలమ్మ వెనక్కి తిరిగి నా వంక చూసింది. అరవై మూడో ఇంటి వంక. ఆ చూపును నేను ఈ జన్మకు మరిచిపోలేను.

"ఎన్నో నెల?" అంది.

"తొమ్మిది దాటినాయి."

వరహాలమ్మ అంబులెన్సుకు ఫోను చేసి, మందుల సంచీ ఎత్తుకుంది. గోడకున్న నన్ను ఒక్క లాగు లాగింది. తాడు తెగింది. పరిగెత్తింది.

కొండ సందులోకి బండి రాదు. తవిటమ్మ నేలమీద పళ్ళు బిగించి పడి ఉంది. నిండు గర్భిణికి వచ్చే ఈ మూర్ఛను పాతవాళ్ళు గుర్రపువాతం అంటారు. వరహాలమ్మ ఆమెను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి సూది వేసింది. నన్ను పరిచింది, పిల్లను నా మీద పడుకోబెట్టింది. నాలుగు మూలలూ నలుగురు పట్టారు. ఒక మూల పైడమ్మ భర్త గురువులు, ఒక మూల దగ్గుతూ అప్పారావు.

నా మీద ఎక్కడా చోటు దొరకని పిల్ల, చివరికి నా మీదే పడుకుని ఊరు దాటింది. సందులూ బోరింగులూ నూట పద్దెనిమిది ఇళ్ళూ ఆమె వీపు కింద నలిగాయి. ఆమె గుప్పిట నా అంచు చిక్కింది. విడవలేదు. నా జన్మలో ఎన్ని గుప్పిళ్ళు చూశాను! ఇంత చల్లగా ఏదీ లేదు. 'ఆగండి, కుదపకండి, తొందరగా నడవండి, అయ్యో మెల్లగా' అని నాలో నేనే అనుకుంటూ, ఎక్కడ చిరిగిపోతానోనని బిగబట్టుకుని వెళ్ళాను.

పెద్దాసుపత్రిలో కోసి బిడ్డను తీశారు. ఆడపిల్ల, బతికింది. తవిటమ్మ మూడో రోజు పోయింది.

నెల తిరిగాక పైడమ్మ నన్ను ఉతికి, మడతపెట్టి తెచ్చింది. సగం బొట్లు రాలిపోయాయి. వీధుల సిరా వెలిసింది. కొండ మాత్రం అలాగే ఉంది. వరహాలమ్మ చేతులు చాచి నన్ను అందుకుంది. పైడమ్మ కొంగుముడి విప్పింది. ఒక ఎర్రబొట్టు. అద్దం అంచున తవిటమ్మ అంటించి పెట్టుకున్నది.

"ఇప్పుడెట్టమ్మా" అంది. "మా ఇంటికాడెట్టు."

"అప్పా..."

"ఆ రోజు నువ్వు అడిగినావు. నాను సెప్పనేదు. ఎట్టీమ్మా."

"నాను అడగడమే సరిగ్గా అడగలేదప్పా" అంది వరహాలమ్మ. "మీ ఇంట్ల ఎంతమందని అడిగినాను. ఇంట్ల ఎవులు పడుకుంటన్నారని అడగవలసింది."

బొట్టుకు జిగురు లేదు. ఎన్నిసార్లు ఒత్తినా రాలిపోయింది. వరహాలమ్మ సూదీ దారం తెచ్చి, కళ్ళు తుడుచుకుంటూ, అరవై మూడో ఇంటి చోట దాన్ని నాకు కుట్టేసింది. సూది దిగినప్పుడు నొప్పెట్టలేదు. ఎంతో ఆలస్యంగా పెట్టిన కుట్టు కదా.

మర్నాటి నుంచి ఆమె మళ్ళీ నూట పద్దెనిమిది ఇళ్ళూ తిరిగింది. ఈసారి ఒక్కతే. ప్రశ్న మార్చింది: "నిన్న ఈ కప్పు కింద ఎవులెవులు పడుకున్నారు?" పుట్టింటికి వచ్చిన గర్భిణులు ఇంకో ఇద్దరు బయటపడ్డారు. ఒకామె కాళ్ళకు నీరు. ఆమెను ఆ రోజే బండెక్కించింది. అప్పారావు తనంతట తానే పరీక్షకు కళ్ళె డబ్బా పట్టుకుని వచ్చాడు. "ఆ పిల్లని మోసినప్పుడు తెలిసింది సిస్టరమ్మా, నాకు ఊపిరందటం లేదని" అన్నాడు. నల్లబొట్టు పెట్టించుకున్నాడు.

ఇది జరిగి ఆరేళ్ళు. ఇప్పుడు లెక్కలన్నీ ఫోనులోకి వెళ్ళిపోయాయి. నన్ను ఉపకేంద్రం కిటికీకి తెరగా కట్టారు. ఎండకు ఊరంతా వెలిసిపోయింది, వీధేదో మడతేదో తెలియదు. అంటించిన బొట్లన్నీ ఎప్పుడో రాలిపోయాయి. కుట్టినది మిగిలింది. గాలికి ఊగినప్పుడల్లా దారం తెగుతుందేమోనని నాకు బెంగ.

పైడమ్మ ప్రతి నెలా మనవరాలిని బరువు చూపించడానికి తెస్తుంది. బడికెళ్ళే వయసొచ్చింది, ఇంక అక్కర్లేదన్నా వినదు. ఆ పిల్లను తవుడుకు అమ్మలేదు. పదిమందీ వినేలా కాంచన అని పిలిచింది. మొన్న ఆ పిల్ల తెరలో దూరి ఆడుతూ, నా మీది ఎర్రచుక్కను వేలితో గీకింది.

"ఇదేటి అమ్మమ్మా?"

"పీకకు. అది మనిల్లు."

వరహాలమ్మ ఫోను తీసి ఏడాది లెక్క మొదలుపెట్టింది. "అప్పా, నిన్న మీ కప్పు కింద ఎవులెవులు?"

"నాను. మా ఆయన. కాంచన." పైడమ్మ ఒక్కొక్క వేలూ మడిచింది. నాలుగో వేలు కాసేపు అలాగే నిలబడింది. తర్వాత దాన్నీ మెల్లగా మడుచుకుంది. "రాసీసినావా?"

"రాసినాను."

"ఏదీ, ఒకపాలి సదువు."

వరహాలమ్మ చదివింది. మూడు పేర్లు.

"ఇంకొకపాలి సదువమ్మా" అంది పైడమ్మ.