శ్రుతితో చెప్పమన్న మాట

రేపల్లె నుంచి చిన్నమావయ్యగారు ఫోన్ చేసి, "మాధవీ, నువ్వొకసారి వచ్చి మా శ్రుతితో మాట్లాడాలమ్మా. నువ్వు చెబితే వింటుంది" అన్నారు. ఏం చెప్పమంటారని అడిగాను.

"ఇంట్లో కర్ర పట్టుకుని నాలుగడుగులు వేస్తున్నానని చెప్పు, చాలు. మిగతాది నేను చూసుకుంటా."

మూడేళ్ల క్రితం తెనాలిలో మా మేడ మీద నీళ్ల ట్యాంకు మూత వంకరగా ఉందని సరిచేయబోయి కింద పడ్డాను. వెన్నుపూస విరిగి లోపలి నరాలు దెబ్బతిన్నాయి. నడుము కింద నాకేమీ తెలియదు. ఆనాటి నుంచి ఒక్క అడుగు కూడా వేయలేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. శ్రుతి ఆయనకు ఒక్కతే కూతురు. ఐదు నెలల క్రితం భట్టిప్రోలు దగ్గర స్కూటీ మీంచి పడింది. దెబ్బ నాకు తగిలిన చోటే. నెల రోజులుగా వ్యాయామాలు మానేసి, ఎవరితోనూ మాట్లాడటం లేదట.

"సరే అనెయ్. పాపం, బాబాయ్ బాధ చూడు" అన్నారు మావారు. సరే అన్నాను. ఈమధ్య ఎవరేమడిగినా సరే అనడం సులువుగా ఉంటోంది.

కారులో వెళ్తుంటే బాపట్ల గుర్తొచ్చింది. పడ్డ మొదటి ఏడాది అక్కడ మా అమ్మ దగ్గరే ఉన్నాను. ఉగాదికల్లా లేచి తిరుగుతావని చూడటానికి వచ్చినవాళ్లందరూ అన్నారు. డాక్టరుగారు మాత్రం అనలేదు. నేను వచ్చినవాళ్లనే నమ్మాను. ఉగాది రోజు అమ్మ పచ్చడి గిన్నె మంచం దగ్గర పెట్టి, నా వంక చూడకుండా వంటింట్లోకి వెళ్లిపోయింది. సాయంత్రం పొన్నూరు నుంచి వచ్చిన పిన్ని, "దసరాకల్లా చూడు" అంది. కాఫీలో పంచదార సరిపోయిందా అని ఆవిడను అడిగాను. ఆ తర్వాత నాకు ఏడుపు రాలేదు.

రేపల్లెలో కారు ఆగగానే మావయ్యగారు ఎదురొచ్చి మావారితో అన్నారు.

"చక్రాల కుర్చీ దించకురా సారథీ. శ్రుతికి వాళ్లమ్మ స్నానం చేయిస్తోంది. ఈలోగా మాధవిని లోపల కూర్చోబెట్టేద్దాం."

మావారు నా వంక చూశారు. నేను చేతులు చాపాను. ఇద్దరూ నన్ను మోసుకెళ్లి శ్రుతి మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో దించారు. బొమ్మల కొలువులో బొమ్మను సర్దినట్టు కుచ్చిళ్లు సర్ది, పాదాలు నేలకు ఆనించారు.

సరోజిని అత్తయ్య శ్రుతిని చక్రాల కుర్చీలో తీసుకొచ్చి మంచం మీద పడుకోబెట్టింది. ఇరవై రెండేళ్ల పిల్ల. జుట్టు మెడ దాకా కత్తిరించేశారు.

"చూశావా, వదిన ఎంత బాగా కూర్చుందో! గేటు దగ్గర్నుంచి కర్ర పట్టుకుని తనే వచ్చింది" అన్నారు మావయ్యగారు.

"కర్ర ఏది?" అంది శ్రుతి.

"కారులో పెట్టాంలే."

"మరి కారు దాకా ఎలా వెళ్తారు?"

"నెల రోజులకి నోరు విప్పింది, అదీ లా పాయింటు తీయడానికి" అంది అత్తయ్య.

 శ్రుతి నా ముఖం చూడటం మానేసి కిందకి చూసింది.

"వదినా, మీ కుడిపాదం మడతపడిపోయింది. మీకు తెలియలేదు కదూ?"

వంగి చూశాను. నిజమే, వేళ్లు లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి.

"కాస్త తిమ్మిరిలేవే. గంటసేపు కారులో కూర్చుంది కదా" అన్నారు మావయ్యగారు.

అవును, తిమ్మిరే అంటే సరిపోతుంది. ఆ పిల్ల మళ్లీ వ్యాయామాలు మొదలుపెడుతుంది. తర్వాత ఏదో ఒక పండగ వస్తుంది.

"తిమ్మిరి కాదు శ్రుతీ. నాకు తెలియలేదు. మూడేళ్లుగా తెలియడం లేదు. నేను నడవలేను. నన్ను మోసుకొచ్చి ఇందులో కూర్చోబెట్టారు."

"ఏంటి మాధవీ ఇది! ఇందుకా నిన్ను పిలిపించింది?" అన్నారు మావయ్యగారు. మావారు "బాబాయ్, బాబాయ్" అంటూ ఆయన చెయ్యి పట్టుకున్నారు. ఆయన్ను చూస్తే నాకు జాలి కలగాలి. కలగలేదు. పాదాన్ని చేత్తో ఎత్తి సరిగ్గా పెట్టుకున్నాను.

శ్రుతి గోడ వైపు తల తిప్పుకుంది. ఏడుస్తోందేమో అనుకున్నాను. ఏడవడం లేదు.

"నాకూ అంతేనా?"

"నీ సంగతి నాకు తెలియదమ్మా. డాక్టరుగారు ఏమన్నారో నాన్నగారిని అడుగు. నా సంగతి ఏదడిగినా చెబుతాను."

గోడ వైపే చూస్తూ అడిగింది. "వంట చేస్తారా?"

"చేస్తాను. పొయ్యిగట్టు ఎత్తు తగ్గించాం."

"బాత్రూముకి?"

"ఒక్కదాన్నే వెళ్తాను. నేర్చుకోవడానికి ఏడాది పట్టింది."

"పుండ్లు పడవా?"

"ఒకసారి పడింది. నాలుగు నెలలు బోర్లా పడుకున్నాను. ఇప్పుడు రోజూ పొద్దున్నే పిర్రలు, మడమలు అద్దంలో చూసుకుంటాను. ఎక్కడ ఎర్రబడితే అక్కడ ఆ రోజు బరువు పడనివ్వను."

శ్రుతి ఇటు తిరిగింది. నడుము పైభాగమే తిరిగింది.

"నాకు అమ్మ చూస్తుంది. ఎప్పుడడిగినా ఏం లేదంటుంది."

అత్తయ్య తల దించుకుని దుప్పటి అంచు సర్దింది.

"ఎంత అద్దం?" అంది శ్రుతి.

"అరచేతి కంటే కాస్త పెద్దది. పొడుగు పిడి ఉండాలి."

మావయ్యగారు గుమ్మంలో అటు తిరిగి నిలబడి ఉన్నారు.

"నాన్నా, ఫ్యాన్సీ షాపు తీసి ఉంటుందా?"

ఆయన కొక్కేనికి ఉన్న చొక్కా తీసుకుని, గుండీలు పెట్టుకుంటూ మెట్లు దిగారు.