మెడ దగ్గర కత్తెర

ఇరవై రెండా, ఇరవై మూడా, ఆ కంపౌండరు పిలిచే అంకె ఒక్కటీ సరిగ్గా వినిపించి చావదు, నాది ముప్పై ఒకటి, ఇంకెంతసేపో, మోకాలు ఇప్పటికే సలుపుతోంది, ఈ ప్లాస్టిక్ కుర్చీ చూస్తే ఇట్టే విరిగేలా ఉంది, విరిగితే తప్పు నా ఒంటి మీదికే వస్తుంది, కుర్చీ నాసిరకమని ఎవరంటారు, షుగర్ చూపించుకుందామని వస్తే ఈ గోడ మీది టీవీ చేత చీవాట్లు తినాల్సి వస్తోంది, దాంట్లో సూటాయన ఒకటే ఉపన్యాసం, మీ ఆరోగ్యం మీ చేతుల్లోనే ఉందట, నా చేతుల్లో పదహారేళ్ళుగా కుట్టుమిషను తప్ప ఏముందయ్యా, కూర్చునే అలవాటు మానుకోవాలట, మానతాను నాయనా, ఆ ముక్కేదో మా సూపర్‌వైజరుకు చెప్పు, గడియారం అని పిలుస్తాం మేమతన్ని, ఫ్యాక్టరీలో మా లైనులో నలభై మందిమి, బాత్రూముకు వెళ్ళాలంటే చెక్కబిళ్ళ పట్టుకుని వెళ్ళాలి, నలభై మందికీ ఒక్కటే బిళ్ళ, దానికోసం కాచుకోలేక నీళ్ళు తాగడమే మానేశాం, కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయనేది మా అమ్మ, మేం కూర్చుని కుడితే కరిగినవి మా మోకాళ్ళే.

ఇదిగో బొమ్మలు మొదలయ్యాయి, రోడ్డు మీద పోతున్న లావుపాటి మనుషులు, ఒక్కరికీ తల లేదు, పొట్టలు, నడుములు, మెడ దాకా వచ్చి ఆగిపోతోంది కెమెరా, పోనీలే, వాళ్ళ పరువైనా కాపాడుతున్నారు, అయ్యో, ఆగాగు, ఆ సంచి, నీలం గళ్ళ ముక్కకు ఆకుపచ్చ చారల ముక్క అతికి, పట్టీ తెగితే ఎర్రదారంతో కుట్టిన సంచి, ఫ్యాక్టరీలో మిగిలిన ముక్కలతో నేను కుట్టుకున్నది, లోకంలో అలాంటిది ఇంకోటి ఉండదు, అది నా సంచే, అది నేనే, నా వీపు, నా కుంటినడక, బద్ధకమే శాపం అని పెద్దక్షరాలు సరిగ్గా నా నడుం మీద వేశారు, ఒళ్ళు మండిపోయింది, ఓరి మీ ఇల్లు బంగారం కానూ, బద్ధకమేమిట్రా, నేనక్కడ నడుస్తున్నాను కదరా, కంపెనీ బస్సు తీసేసినప్పటి నుంచీ పొద్దున గంట, సాయంత్రం గంట, ఎండనకా వాననకా నడుస్తూనే ఉన్నాను, నడుస్తున్న మనిషిని చూపించి నడవదని చెప్తారా, పక్క కుర్చీలో రిటైరైన మేష్టారొకాయన వచ్చినప్పటి నుంచీ టీవీకి వంత పాడుతున్నాడు, నోరు కట్టుకోరు, తర్వాత ఆస్పత్రుల మీద పడతారు అంటున్నాడు గాల్లోకి చూస్తూ.

ఇటు పక్కన కూర్చున్న నా కూతురు, నా కాళ్ళ దగ్గరున్న ఆ సంచినే కాలితో మెల్లగా నా కుర్చీ కిందికి తోసింది, చూశావుటే అది నేనే అన్నాను, తెలుసమ్మా అంది తలెత్తకుండా, పోయిన వారమే చూశాను, క్లాసులో అందరూ చూశారు, సంచి గుర్తుపట్టేశారు అంది, వారం నుంచే కదా దీని లంచ్‌ డబ్బా సగం సగం తిరిగొస్తోంది, ఆకలి లేదమ్మా అంటే నులిపురుగులేమో అనుకున్నాను, పొద్దున అద్దం ముందు పొట్ట లోపలికి పీల్చి నిలబడితే చూసి నవ్వాను కూడా, ఎంత గుడ్డిదాన్ని, పద్నాలుగేళ్ళ పిల్ల, గట్టిగా గాలి వీస్తే పడిపోయేలా ఉంటుంది, ఎందుకే తిండి మానేశావ్ అంటే నీలాగా అయిపోతానేమోనని, టీవీలో చెప్పారుగా, అంతా మన తప్పేనట అంది, నీ తప్పు అనలేదు, మన తప్పు అంది, నన్నంటే అన్నారు, పడ్డాను, నా బిడ్డ నోటి దగ్గర ముద్ద లాక్కోవడానికి వీళ్ళెవరు.

వంగి సంచి పైకి లాగి ఒళ్ళో పెట్టుకున్నాను, మేష్టారూ, అక్కడ నడుస్తున్నది నేనేనండీ అన్నాను, గొంతు నాకే పెద్దగా వినిపించింది, ఆయన టీవీ చూశాడు, సంచి చూశాడు, చివరికి నా ముఖం చూశాడు, కసురుకుంటాడేమో అనుకున్నాను, అంత ఎండలో ఎక్కడికమ్మా ఆ నడక అన్నాడు, పని నుంచి ఇంటికండీ, మరి బస్సు లేదా, తీసేశారండీ, అదేమిటి ఎందుకు తీసేశారు, ఎన్ని గంటలు పని, మధ్యలో లేవనివ్వరా, బిళ్ళేమిటమ్మా అన్యాయం కాకపోతే, ప్రశ్న మీద ప్రశ్న, ఇందాకటి దాకా నోరు కట్టుకోరన్న మనిషే, ఒక్క ముఖం కనిపించేసరికి ఇన్ని అడిగాడు, అడిగితే బస్సు బయటికొచ్చింది, బిళ్ళ వచ్చింది, గడియారం వచ్చాడు, నా కూతురు తలెత్తి వింటోంది, ముప్పై ఒకటి ముప్పై ఒకటి అని అరుస్తున్నాడు కంపౌండరు, వస్తున్నానుండవయ్యా, టీవీలో మళ్ళీ అదే బొమ్మ, మళ్ళీ నా మెడ దగ్గరే ఆగింది, మా పరువు కాపాడటానికి తలలు తీసేశారనుకున్నాను ఇంతసేపూ, కాదు, మమ్మల్ని ఎవరూ ఏమీ అడక్కుండా తీసేశారు, బట్ట దానంతటది చిరిగితే పీలికలు పీలికలుగా చిరుగుతుంది, అంత తిన్నగా తెగిందంటే ఎవరో కత్తెర పెట్టినట్టే, పదహారేళ్ళుగా కుడుతున్నదాన్ని, నాకు తెలియదా.