తెలుగే మన తాళం

తెలుగులో రాసుకుంటే రాయపూర్‌లో ఎవడికీ అర్థం కాదని గ్లోరీ, సంధ్య గట్టిగా నమ్మారు. పిచ్చి మొహాలు! అయినా నమ్మక ఏం చేస్తారు? తెలుగు రైల్వే కుటుంబాలుండే డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో పుట్టి పెరిగిన పిల్లలు. గుఢియారీ బజారులో వాళ్ళ అమ్మలు చీరల కొట్టువాడి ముందే కూర్చుని, "వీడు దిగొస్తాడే, లేచి వెళ్ళిపోతున్నట్టు నటించు" అని తెలుగులో అనుకుంటూ, వాడితో హిందీలో తియ్యగా బేరమాడేవాళ్ళు. వాడు పాపం నవ్వుతూ ఇంకో చీర విప్పేవాడు. ఆ రోజులు తలుచుకుంటే గ్లోరీకి ఇప్పటికీ నవ్వాగదు.

పెద్దయ్యాక ఇద్దరూ ధర్సీవా వెళ్ళే రోడ్డులో ఒకే ప్రైవేటు ఆసుపత్రిలో నర్సులయ్యారు. డ్యూటీ కబుర్ల కోసం ఆసుపత్రివాళ్ళు అందరి ఫోన్లలో ఒక చాట్ యాప్ పెట్టించారు. వీళ్ళిద్దరూ అందులో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకుంటూ, పెద్ద డాక్టరు విగ్గు మొదలుకొని సంధ్య అత్తగారి దాకా ఎవర్నీ వదిలిపెట్టలేదు. పైవాళ్ళకి తెలుగు ముక్క రాదు, ఇంకేం భయం?

సంధ్య కడుపులో గడ్డతో పోయి రెండేళ్ళయింది. ఆ చాట్ మాత్రం గ్లోరీ ఫోన్లో అలాగే ఉంది. మనసు బాగోనప్పుడు తెరిచి చదువుకునేది. అలాంటిది ఒకరోజు యాప్‌లో నోటీసు వచ్చింది: వచ్చే నెల నుంచి ఉద్యోగుల ప్రైవేటు మెసేజులతో కూడా కృత్రిమ మేధకు శిక్షణ ఇస్తారట.

గ్లోరీకి ఒళ్ళు మండిపోయింది. ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసే పృథ్వీని పట్టుకుంది.

"మాదంతా తెలుగు భయ్యా, మీ మిషన్‌కి ఏం తెలుస్తుంది?" అని హిందీలో దబాయించింది.

"దానికి అన్ని భాషలూ వచ్చు సిస్టర్. మీ మెసేజులు వద్దంటే ఆపుతాను. సంధ్య సిస్టర్‌వి ఆపాలంటే ఆవిడే వద్దనాలి. లేదా ఇద్దరి చాట్ మొత్తం తీసేయండి. తీసేస్తే మళ్ళీ రాదు."

ఉంచితే సంధ్య మాటలు మిషన్ పాలు. తీసేస్తే అసలు సంధ్యే మిగలదు. ఆ మెసేజులకు ఫోటోలు తీసి దాచుకుందామంటే ఇక ఫోన్ మీదే నమ్మకం పోయింది. ఏం చెయ్యాలో పాలుపోక, ఆదివారం చర్చి అవగానే సంధ్య తల్లి రత్నకుమారి ఇంటికి వెళ్ళి సంగతంతా చెప్పింది.

తెలుగు బైబిలు గడగడా చదివే రత్నకుమారికి ఇంగ్లీషు అక్షరాలు రావు. "నువ్వే చదవ్వే, నా కూతురు ఏం వాగిందో విందాం," అంది.

గ్లోరీ చదివింది. డాక్టరు విగ్గు దగ్గర ఇద్దరూ పడీ పడీ నవ్వారు. "మా అమ్మ పులుసు తిన్నాక బకెట్టు నీళ్ళు తాగాలే బాబూ" అన్న చోట రత్నకుమారి నోరు నొక్కుకుంది.

"అరే, నా పులుసుకే వంక పెట్టిందా ముదనష్టపుది!" అంటూ కళ్ళు తుడుచుకుంది. సంధ్య వచ్చి ఇద్దరి మధ్యా కూర్చున్నట్టే ఉంది గ్లోరీకి.

చాట్ చివరికొచ్చింది. ఆ మెసేజుల నాటికి సంధ్య అదే ఆసుపత్రిలో మంచం మీద ఉంది. గ్లోరీ ఒక మెసేజు దాటేసి కింది దానికి వేలు జరిపింది.

"ఏదో వదిలేశావే. చదువు."

"వద్దు పిన్నీ."

"చదవమంటున్నానా?"

గ్లోరీ మెల్లగా చదివింది. "నొప్పి ఓర్చుకోలేకపోతున్నానే. అమ్మ పక్కనే ఉంది, నవ్వుతున్నాను. తనకి మాత్రం చెప్పకు."

 గ్లోరీ రత్నకుమారి చెయ్యి పట్టుకుంది.

"నాకు తెలుసే," అంది రత్నకుమారి. "నవ్వుతూనే దుప్పటి కొస పిసికేది. నేను చూశానని తెలిస్తే అది ఏడుపు ఆపుకోలేదేమోనని కిటికీ వైపు తిరిగి కూర్చునేదాన్ని."

గ్లోరీ ఇక ఆగలేక వెక్కి వెక్కి ఏడ్చింది. రత్నకుమారి కొంగుతో ఆమె మొహం తుడిచి, ఫోన్‌ను ఆమె వైపు నెట్టింది.

"తీసెయ్యవే. కన్నతల్లికే చూపించని నొప్పి, మిషన్‌కెందుకు?"