మా అత్తగారు ఇల్లు తుడవని వారం

మా వీధి చివర కరెంటు ప్లాంటు వాళ్ళు బొగ్గు బూడిదను గుట్టలా పోస్తారు. గాలి ఇటు తిరిగిందంటే కిటికీ గట్ల మీద, కంచాల్లో, దిండ్ల మీద బూడిదే. మా పాపకి రెండో ఏటి నుంచే ఆయాసం. బలపం కంటే ముందు ఇన్‌హేలర్ పట్టుకోవడం నేర్చుకుంది. ఆ గుట్టని కప్పించండి బాబూ అని వీధంతా మొత్తుకోగా మొత్తుకోగా, పోయినేడు తనిఖీ అధికారి వచ్చాడు.

వచ్చి ఏం చూశాడు? పెద్దమనిషి వస్తున్నాడని మావాళ్ళంతా ఇళ్ళు కడిగి తుడిచి పెట్టారు. మా అత్తగారైతే కిటికీ ఊచలు కూడా సబ్బు పెట్టి తోమింది. ఆయన గట్టు మీద వేలు రాసి చూసుకుని, "అద్దంలా ఉంది కదమ్మా, ఇంకేం కష్టం మీకు?" అని వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఈసారి మళ్ళీ వస్తున్నాడని తెలియగానే పాపను మా అక్క ఇంట్లో దింపి వచ్చాను.

"అత్తయ్యా, వారం పాటు ఇల్లు తుడవద్దు."

"నలుగురూ ఏమనుకుంటారే?"

"అనుకోవాలనేగా."

ఇద్దరం ముక్కుకి గుడ్డ కట్టుకునే తిరిగాం. ఆ వారం ఆవిడ పడ్డ బాధ పగవాడికి కూడా వద్దు. కొంగు చేత్తో పట్టుకుని కుర్చీ చుట్టూ తచ్చాడేది. చివరికి చీపురూ గుడ్డా తెచ్చి నా చేతిలో పెట్టి, "ఎక్కడైనా దాచెయ్యి. నా మీద నాకే నమ్మకం లేదు" అంది.

అధికారి ఇస్త్రీ నలగని నల్ల ప్యాంటు వేసుకొచ్చాడు. వెనకే ప్లాంటు మేనేజరు. మా అత్తగారు ఎంతో మర్యాదగా కుర్చీ చూపించి, "కూర్చోండి బాబూ" అంది. ఆయన లేచేసరికి ప్యాంటు వెనకంతా బూడిద రంగు. మేనేజరు గబగబా దులపబోయాడు.

"దులపకండి," అన్నాడు అధికారి. "కంటికి కనపడే దీన్ని దులుపుతారు సరే. కనపడనంత సన్నంది ఊపిరితిత్తుల అడుక్కి దిగితే ఎవరు దులుపుతారు?"

కుర్చీ మీది బూడిదను స్వయంగా గీరి పరీక్షకు పంపించాడు. అందులో సీసం, ఆర్సెనిక్ తేలాయి. ప్లాంటు మీద ఉత్తర్వు వచ్చింది. గుట్టను నీళ్ళతో తడిపి, పైన మట్టి పరిచారు. లారీలకు టార్పాలిన్లు కట్టారు. గెలిచాం. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది, వేశాను కూడా.

ఇల్లంతా తడిగుడ్డతో తుడిచాకే పాపను తెచ్చుకున్నాం. కొన్నాళ్ళకి అది మెట్లన్నీ పరుగున ఎక్కి వచ్చి, అలవాటుగా కిటికీ గట్టు మీద వేలితో బొమ్మ గియ్యబోయింది. బొమ్మ పడలేదు.

"ఇప్పుడే తుడిచావా నానమ్మా?"

"వారమైంది," అంది మా అత్తగారు, పక్కింటి వాళ్ళకి కూడా వినపడేలా.