తీగ లేని డయల్

మార్లిస్ సల్మెలా ఫోన్ చేసి, "జో, నా కుట్టుగదిలో థర్మోస్టాట్ పాడైనట్టుంది, ఒకసారి వచ్చి చూస్తావా" అని అడిగినప్పుడు బయట మైనస్ ముప్ఫై. నాకు మాత్రం చెమట పట్టింది. ఆ థర్మోస్టాట్ పాడవదు. పాడవడానికి దాంట్లో ఏమీ లేదు. ఆరేళ్ళ కిందట దాన్ని గోడకి బిగించింది నేనే.

ఐరన్ రేంజ్ అనే మా ఉత్తరాది గనుల ఊళ్ళలో ఇనుప గనుల తర్వాత ఎక్కువమందికి అన్నం పెట్టేది చలే. మా నాన్న ఇళ్ళలో హీటర్లు బాగుచేసి మమ్మల్ని పెంచాడు, ఆయన కూతురిగా నేనూ అదే పని చేసి నా పిల్లల్ని పెంచుతున్నాను. ఈ పనిలో మాకో పాత చిట్కా ఉంది. ఆఫీసుల్లో ఒకరికి చలి, పక్కన కూర్చున్నవాళ్ళకి ఉక్క. రోజుకి పదిసార్లు ఫోన్లు. అలాంటిచోట గోడకి ఒక ఉత్తుత్తి డయల్ బిగించి వస్తాం. వెనకాల తీగ ఉండదు. అంకెలు తిరుగుతాయి, టిక్కుమని చప్పుడు కూడా వస్తుంది. తిప్పినవాళ్ళకి పావుగంటలో ఒళ్ళు హాయిగా ఉంటుంది. మళ్ళీ ఫోన్ రాదు. బ్యాంకులో రెండు, బడిలో టీచర్ల గదిలో ఒకటి నా చేత్తోనే బిగించాను. అందులో తప్పుందని నాకెప్పుడూ తోచలేదు.

మార్లిస్ మొగుడు రేనో ఈ చిట్కా సంగతి ఎక్కడో విన్నాడు. చలికాలం అరవై ఎనిమిది, ఎండాకాలం డెబ్బై ఎనిమిది, ఫారెన్‌హీట్‌లో; సెల్సియస్‌లో అయితే ఇరవై, ఇరవయ్యారు. ఈ రెండంకెలూ అట్టముక్క మీద రాసి హాల్లో థర్మోస్టాట్ పక్కన ముప్ఫై ఏళ్ళుగా అంటించి ఉంచిన మొండిఘటం. ఎప్పుడో ప్రభుత్వం చెప్పిందట. ప్రతి శనివారం సౌనా ఆవిరిగదిలో నూట ఎనభై డిగ్రీల వేడిలో గంటసేపు కూర్చుని, బయటికొచ్చి మంచులో దొర్లే మనిషికి, ఇంట్లో పెళ్ళానికి డెబ్బై రెండు ఇవ్వడానికి మాత్రం ప్రాణం ఒప్పదు. ఆవిడ వెళ్తూ పెంచడం, ఈయన వస్తూ తగ్గించడం. చివరికి ఒకరోజు మా షాపుకొచ్చి, "ఆవిడ గదికి ఆవిడదో బొమ్మ పెట్టెయ్, ఆడుకుంటుంది" అన్నాడు. పెట్టాను. ఆ రోజు మార్లిస్ నాకు కాఫీ ఇచ్చి, వాల్‌నట్లు పెట్టి చుట్టిన పొటీట్సా రొట్టె రెండు ముక్కలు కోసి పెట్టింది. మర్నాడు ఫోన్ చేసి, "జో, పెళ్ళయ్యాక ఇన్నాళ్ళకి ఈ ఇంట్లో నా కాళ్ళు వెచ్చబడ్డాయి" అంది. ఫోన్ పెట్టేసి నేనూ మా నాన్నా పొట్ట పట్టుకుని నవ్వాం.

రేనో అయితే ఆ కథని సౌనాలో ప్రతి వేసవీ కొత్తగా చెప్పేవాడు. జూలైలో మార్లిస్ డయల్ని డెబ్బైకి తగ్గించి, గది చల్లబడిందనుకుని స్వెట్టర్ వేసుకుందట. ఊళ్ళో మగాళ్ళందరికీ ఆ స్వెట్టర్ సంగతి తెలుసు.

నా వ్యాన్ వాళ్ళ వాకిట్లోకి తిరిగేసరికి రేనో పారతో మంచు తోస్తున్నాడు. అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"జో, లోపలికెళ్ళి ఊరికే అటూ ఇటూ తిప్పి చూడు. బానే ఉందని చెప్పెయ్."

"ఇంకా చెప్పలేదా ఆవిడకి?"

"ఆరేళ్ళయ్యాక ఏమని చెప్పను? చంపేస్తుంది."

"చంపనీ. నేను సెల్లార్లోంచి తీగ లాగి నిజంది బిగించేస్తా. గంట పని."

"తీగ లాగితే ఇన్నాళ్ళూ ఏదని అడగదా? తెలివైంది అది."

తెలివైందని తెలిసే ఆరేళ్ళు ఆడించాడన్నమాట. అయినా నిజం చెప్పాలంటే, ఆ నిమిషంలో నాకూ అలాగే తేలిపోవాలనే ఉంది. ఏదో అతుకు ఊడిందని చెప్పి, గుట్టుగా తీగ లాగేసి, కాఫీ తాగి వచ్చేద్దామనుకున్నాను.

కుట్టుగదిలో మార్లిస్ కోటు వేసుకుని కూర్చుని ఉంది. ఇంట్లో, మధ్యాహ్నం పూట, కోటు. వేళ్ళు లేని చేతితొడుగులు. ఒళ్ళో సగం కుట్టిన బొంత. డయల్ డెబ్బై నాలుగు మీద ఉంది. గది నిజంగా శవాల గదిలా ఉంది. ఇన్నేళ్ళూ ఆవిడ నమ్మకం కాసింది గానీ, ఇంత చలి ముందు ఏ నమ్మకమూ నిలవదు.

"కూర్చో జో. ముందు ఇది చూసి చెప్పు. నవ్వకు" అని ఒక చిన్న నోటు పుస్తకం నా చేతిలో పెట్టింది.

ఆవిడ కొట్టుకెళ్ళి థర్మామీటర్ కొనుక్కొచ్చి గోడకి తగిలించింది. రోజూ చూసి రాసింది. డయల్ డెబ్బై నాలుగు, థర్మామీటర్ అరవై ఒకటి. తొమ్మిది రోజులు అవే అంకెలు. ప్రతి అంకె పక్కనా ఇంకో అంకె ఉంది. డెబ్బై ఒకటి. డెబ్బై రెండు. డెబ్బై ఒకటి.

"ఈ పక్కవేంటి?"

"రేనో చూసినప్పుడు. నేను చూసి పిలుస్తా. 'భోజనం అయ్యాక వస్తాలే' అంటాడు. వచ్చి చూస్తే డెబ్బై ఒకటి ఉంటుంది. నా కళ్ళతోనే చూస్తా, డెబ్బై ఒకటే. మర్నాడు మళ్ళీ నాకొక్కదానికే అరవై ఒకటి. తొమ్మిదిసార్లు జో. నేను చదివింది ఒకటి, ఉన్నది ఇంకోటి."

భోజనాల గదికి వెళ్ళే దారిలోనే హాలు. హాల్లోనే అసలు థర్మోస్టాట్. పిలిచిన ప్రతిసారీ వెళ్ళి దాన్ని పెంచి, గది వేడెక్కేదాకా సూపు చప్పరిస్తూ కూర్చుని, అప్పుడు తీరుబడిగా వచ్చి చూశాడు. చూసి వెళ్ళి మళ్ళీ తగ్గించాడు. తొమ్మిదిసార్లు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"మా అమ్మకీ ఇలాగే మొదలైంది" అంది మార్లిస్. "ముందు అంకెలు పోయాయి. తర్వాత మా పేర్లు పోయాయి. గురువారం డాక్టరు దగ్గర జ్ఞాపకశక్తి పరీక్ష ఉంది. రేనోయే తీసుకెళ్తానన్నాడు. దానికి ముందు నువ్వొకసారి చూస్తే... ఒకవేళ పాడైంది నేను కాదేమోనని."

"బస్సో?" అన్నాను. మార్లిస్ ఇరవై నాలుగేళ్ళుగా బడి బస్సు నడుపుతోంది. నా ఇద్దరు పిల్లలూ ఆవిడ బస్సులోనే వెళ్ళొచ్చారు.

"పోయిన సోమవారం బస్సు తాళంచెవి ఇచ్చేశా. గోడ మీద అంకె చదవలేనిదాన్ని, ఆ మంచులో స్పీడు ముల్లు ఏం చదువుతా? నలభై మంది పిల్లలు జో. నా బుర్ర సరిగ్గా లేదని కాగితం మీద నేనే రాసిచ్చా, షెడ్డులో గార్డన్ అడక్కుండానే."

అప్పుడే రేనో బూట్ల మంచు దులుపుకుంటూ గుమ్మంలోకొచ్చాడు. "ఏం జో, బానే ఉంది కదా?" అన్నాడు.

నేను జేబులోంచి స్క్రూడ్రైవర్ తీశాను. రెండు స్క్రూలు. డయల్ ఊడొచ్చింది. దాన్ని మార్లిస్ చేతిలో పెట్టాను. దాని వెనకాల గోడకాగితం మీద పూలు కొత్తగా ఎర్రగా ఉన్నాయి. రెండు స్క్రూ రంధ్రాలు తప్ప ఏమీ లేవు.

ఆవిడ డయల్ని తిరగేసి చూసింది. లేచి వెళ్ళి గోడని వేలితో తడిమింది.

"తీగేది?"

"లేదు. ఎప్పుడూ లేదు. నేనే బిగించాను, ఈయన అడిగితే. గదిని వేడి చేసేది హాల్లో ఉన్నదొక్కటే. మీరు పిలిచినప్పుడల్లా ఈయన వెళ్ళి దాన్ని పెంచాడు. మీరు చదివిన అంకెలన్నీ సరైనవే."

మార్లిస్ నా వైపు చూడలేదు. మొగుడి వైపే చూసింది.

"నిజమా?"

"మార్లిస్, అది సరదాకి మొదలైంది..."

"అది కాదు. హాల్లోది పెంచావా?"

"మొదటిరోజు దొరికిపోతానని పెంచా. తర్వాత ఎలా ఆపాలో తెలీలేదు. గురువారం అయ్యాక చెబ్దామనే అనుకున్నా. డాక్టరు ఎలాగూ ఏమీ లేదని చెప్తాడు కదా, అప్పుడు..."

"తాళం ఇచ్చొచ్చిన రోజు కార్లో ఏడిచా. నువ్వు నా చెయ్యి పట్టుకున్నావ్. ఏమన్నావ్?"

రేనో బూట్ల మీద మంచు మళ్ళీ దులిపాడు.

"చెప్పు. జో కూడా వింటుంది. ఏమన్నావ్?"

"మంచి పని చేశావన్నా" అన్నాడు నేల చూపులు చూస్తూ.

మార్లిస్ గట్టిగా అరిచినా, చేతిలో ఉన్నదాన్ని విసిరికొట్టినా నాకు కొంచెం తేలిగ్గా ఉండేది. ఆవిడ బొంత మడతపెట్టింది. డయల్ని కోటు జేబులో వేసుకుంది. "జో, నన్ను బస్సుల షెడ్డు దగ్గర దింపు" అంది. "నేను తీసుకెళ్తా, నేనే చెప్తా" అంటూ రేనో వెంటపడ్డాడు. "నీకు నా చెయ్యి పట్టుకునే హక్కు లేదు, పారతో పని చూసుకో" అంది. నలభై రెండేళ్ళ కాపురంలో ఆవిడ అతనితో ఇలా మాట్లాడటం ఎవరూ విని ఉండరు.

దారిలో నేను క్షమించమని అడిగాను. "మెదలకుండా బండి నడుపు" అంది. మెదలకుండా నడిపాను.

షెడ్డులో గార్డన్ ఉన్నాడు, భారీ మనిషి. బస్సులన్నిటికీ అతనే అధికారి. శనివారాలు రేనో సౌనాలో పై మెట్టు మీద కూర్చునేదీ అతనే. మార్లిస్ డయల్ తీసి అతని బల్ల మీద పెట్టగానే మొహంలో రంగు మారింది. ఆవిడ ఇంకా నోరు తెరవలేదు.

"నీకూ తెలుసా?" అంది.

"డయల్ సంగతి తెలుసు. అది దీనికి సంబంధించిందని అనుకోలేదు మార్లిస్, ఒట్టు."

"అంకెలు తేడాగా చదువుతున్నానని, కుట్టుగదిలో వేడి తెలియట్లేదని నీకు చెప్పే కదా తాళం ఇచ్చా. అప్పుడు కూడా అనుకోలేదా?"

గార్డన్ మెడ గోక్కున్నాడు. సొరుగులోంచి ఆవిడ రాసిన కాగితం తీసి బల్ల మీద పెట్టాడు, దాన్ని చూస్తూ మాట్లాడాడు. "నేనేం చెయ్యను? నీ చేత్తో నువ్వే రాసిచ్చావ్. ఇది ఫైల్లోకి వెళ్ళిపోయింది. డాక్టరు సంతకం లేకుండా తాళం మళ్ళీ ఇవ్వలేను. ఆ రూటు కూడా వేరేవాళ్ళకి ఇచ్చేశారు, వేసవి సెలవుల దాకా."

ఇంక నా వల్ల కాలేదు. సౌనాలో పళ్ళికిలించిన నోటితో ఫైలు గురించి మాట్లాడటానికి సిగ్గులేదా అని అడిగేశాను. మార్లిస్ నన్ను మోచేత్తో ఆపింది. "నువ్వు నవ్వలేదా?" అంది. నేను తల దించుకున్నాను. "అయితే అతన్నేమీ అనకు."

అంటే ఏం జరిగిందో చూడండి. పిచ్చిది ఆవిడ కాదని ఇప్పుడు అందరికీ తెలుసు. అయినా పరీక్షకి వెళ్ళి, బుర్ర సరిగ్గా ఉందని రుజువు తెచ్చుకోవాల్సింది మాత్రం ఆవిడే. రేనోకి పరీక్ష లేదు, గార్డన్‌కి లేదు, నాకు లేదు.

గురువారం నేనే తీసుకెళ్ళాను. "నువ్వు లోపలికొచ్చి నువ్వు చేసింది నీ నోటితో చెప్పాలి, నేను చెప్తే ముసలిది కథలల్లుతోందనుకుంటారు" అని ముందే షరతు పెట్టింది. డాక్టరు కుర్రవాడు, మర్యాదస్తుడు. ఆవిడ తన పక్కన నాకూ కుర్చీ వేయించింది. నేను చెప్పుకొచ్చాను. తీగ లేని డయల్, ఎండాకాలం స్వెట్టర్, థర్మామీటర్, భోజనం అయ్యాక వస్తానంటూ హాల్లో వేడి పెంచిన మొగుడు. ఏదీ దాచలేదు.

స్వెట్టర్ దగ్గరికి రాగానే డాక్టరు పెదవులు బిగించాడు. మొగుడి దగ్గరికి వచ్చేసరికి ఆపుకోలేకపోయాడు. చేతిలోని కాగితాలు మొహానికి అడ్డం పెట్టుకుని, "క్షమించండి, క్షమించండి" అంటూనే భుజాలు కదిలేలా నవ్వాడు.

మార్లిస్ ఒళ్ళో చేతులు పెట్టుకుని నిటారుగా కూర్చుంది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరగడం నేను చూశాను, కింద పడనివ్వలేదు.

"తొందరేం లేదు డాక్టర్. మీరు నవ్వడం అయ్యాక మొదలుపెడదాం" అంది.